పీరా మామూ నింపిన ఫారం

సత్వా, దుబాయ్
9 జనవరి 2023

పీరా మామూకు సనోబర్ సలాములు.

ముందు కూర్చోండి. కూర్చున్నారా? కళ్ళద్దాలు తుడుచుకోండి. వంటింట్లో ఉన్న జైబున్నీసా మామీని కూడా పిలవండి. ఇప్పుడు చదవండి. నేను పాసయ్యాను! పాసయ్యాను మామూ, పాసయ్యాను!

లైసెన్సు పరీక్ష కంప్యూటర్ మీద పెట్టారు. చివరి జవాబు నొక్కి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి తెర మీద ఆ మాట ఉంది. పక్క కుర్చీలో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయిని కావలించుకున్నాను. పాపం, ఆమె పరీక్ష ఇంకా కాలేదు. బయటికొచ్చి మెట్రో ఎక్కి, నాలో నేనే నవ్వుకుంటూ దిగాల్సిన స్టేషన్ దాటి మూడు స్టేషన్లు పోయాను. వెనక్కి వచ్చేటప్పుడు మళ్ళీ దాటాను. గదిలో నాతో ఉండే జగిత్యాల లావణ్య, "ఏడికి వోయినవే? ఫోన్ ఎత్తవు, ఏం లేదు! పోలీసోళ్ళకు చెప్దామనుకున్న" అని తిట్టి, సంగతి తెలిశాక నన్ను ఎత్తి గిరగిరా తిప్పి మంచం మీద పడేసింది. మంచం కాలు విరిగింది. ఇద్దరం కింద పడి ఇంకాసేపు నవ్వాం.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారు. కట్టుడు పళ్ళు అరగదీసే మిషను పక్కన ముప్పై ఏళ్ళు కూర్చుని మీరు చెవులు పోగొట్టుకున్నారు. మామీకి చెబితే సగం మీదాకా వస్తుంది, మిగతా సగం ఆమె సొంతంగా కలుపుతుంది. అందుకే ఉత్తరం. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్‌గా ఉన్న మన వీధి తబ్రేజ్‌కు ఏ వారం రాయచోటికి పోవడానికి ఎవరు విమానం ఎక్కుతున్నారో ఎప్పుడూ తెలుస్తుంది. ఈ కాగితాన్ని ఎవరి బట్టల మధ్య పెట్టి పంపుతాడో నాకు తెలియదు.

ఇక అసలు పని. పరీక్ష అయింది కానీ లైసెన్సు ఇంకా రాలేదు. కాగితాలు సరిచూసే కంపెనీ వాళ్ళు ప్రమోద్ డాక్టరుగారి పళ్ళ దవాఖానాకు ఒక ఫారం పంపుతారు. అక్కడ నేను రెండేళ్ళు పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టుగా చేశాను కదా, అది నిజమేనా, ఏమేం పనులు చేశాను అని అడుగుతారు. నలభై ఏళ్ళుగా ఆ దవాఖానాకు కాంపౌండరు మీరే కాబట్టి ఫారం ముందు మీ చేతికే వస్తుంది. దాన్ని డాక్టరుగారి ముందు పెట్టి, ఆయన తీరిగ్గా నింపేలా చూడండి. అంతే.

లైసెన్సు వస్తేనే నేను ఇక్కడి క్లినిక్‌లో రిసెప్షన్ బల్ల వదిలి హైజీనిస్టునవుతాను. మా ముదీర్, అంటే క్లినిక్ మేనేజరు, ఏప్రిల్ చివరిదాకా ఆ ఉద్యోగం నాకోసం ఆపుతానన్నాడు. లైసెన్సు ఇవ్వం అన్నారంటే మాత్రం ఈ దేశంలో ఏ క్లినిక్కూ నన్ను పళ్ళ పనికి తీసుకోదు. కానీ అలా ఎందుకవుతుంది? నేను పాసయ్యానుగా!

నేల మీద కూర్చుని ఇంకా నవ్వుతున్న
మీ సనోబర్


రాయచోటి
2 ఫిబ్రవరి 2023

బేటీ సనోబర్‌కు మామూ పీరా వెయ్యి దువాలు.

నీ ఉత్తరం ఎవరివో లుంగీల మడతల్లో అత్తరు వాసన కొడుతూ వచ్చింది. చదివిన పూటే దవాఖానాలో ఉన్న పేషెంట్లందరికీ చెప్పాను. నోరు తెరిచి కుర్చీలో పడుకున్నవాళ్ళకు మరీ వివరంగా చెప్పాను. వాళ్ళు మధ్యలో అడ్డు రాలేరు కదా. మీ మామీ మాత్రం వీధంతా తిరిగి, దుబాయ్ సర్కారు నిన్ను కారు పంపి పిలిపించుకుందని చెప్పింది. ఎందుకే అబద్ధాలు అంటే, "మెట్రో అంటే ఏందో ఈళ్ళకు తెలుసా యాడన్నా? కారంటే తెలుస్తాది" అంది. అదీ నిజమే.

బస్టాండు దగ్గర బోర్డులు రాసే పెయింటరుకు బోర్డు చెప్పేశాను. "డాక్టర్ సనోబర్, దుబాయ్ పళ్ళ స్పెషలిస్టు." వాడు "డాక్టర్ సనో" దాకా రాశాడు. ఎరుపు రంగు అయిపోయిందట, తెచ్చాక మిగతాది రాస్తాడు. ఇక్కడికి ఎప్పుడొచ్చి తగిలిస్తావో చెప్పు. లేదా అక్కడే సొంత దుకాణం తెరుస్తానంటే బోర్డు తబ్రేజ్ మనుషులతో పంపుతాను. కొంచెం పొడుగు ఎక్కువ, విమానంలో అడ్డంగా పెట్టాలి.

ఇంకో సంగతి. లైసెన్సు చేతికొచ్చాక నువ్వు ఉత్త పళ్ళ గార గీకే పనితో సరిపెట్టుకోకు. లైసెన్సంటే లైసెన్సే. మీ మామీ తమ్ముడు స్కూటరు లైసెన్సుతో పదేళ్ళు లారీ నడిపాడు. ఎవడాపాడు?

ఫారం కంప్యూటర్లో వచ్చింది. డాక్టరుగారు కూతురి కాన్పుకని బెంగళూరు బయల్దేరే హడావిడిలో ఉన్నారు. "పీరా, నీకు తెలీందేముంది, నువ్వే నింపు, నేను సంతకం పెడతా" అన్నారు. నింపాను. నా నలభై ఏళ్ళ ఇంగ్లీషంతా బయటికి తీశాను. డాక్టరుగారు కారులో ఒక కాలు పెట్టి సంతకం చేశారు. అందులో ఏం రాశానో ఇప్పుడు చెప్పను. నీకు లైసెన్సు వచ్చాక చెబుతాను, అప్పుడు నువ్వే పొంగిపోతావు.

రాయచోటిలో ఛాతీ విరుచుకుని తిరుగుతున్న
పీరా మామూ


సత్వా, దుబాయ్
20 ఫిబ్రవరి 2023

మామూకు, మామీకి సలాములు.

ఆ బోర్డు ఆపండి! నేను డాక్టర్ని కాదు మామూ. "సనో" దగ్గర ఎరుపు రంగు అయిపోవడం అల్లా దయ. మిగతాది రాయించకండి.

ఇంకోసారి నెమ్మదిగా చెబుతాను, మామీకి కూడా చదివి వినిపించండి. నా పని పళ్ళ గార తీయడం, చిగుళ్ళు చూసుకోవడం, పళ్ళు నిగనిగలాడేలా పాలిష్ పట్టడం, ఎలా తోముకోవాలో నేర్పడం. పన్ను పీకడం నాది కాదు. పుచ్చిన పంటికి సిమెంటు పెట్టడం నాది కాదు. మత్తు సూది నాది కాదు. జబ్బు ఏమిటో తేల్చి చెప్పడం కూడా నాది కాదు. డాక్టరు నోరు చూసి, ఇది చెయ్యి అని రాసిచ్చాకే నేను చెయ్యి పెట్టాలి. కొన్ని దేశాల్లో నాలాంటి హైజీనిస్టులు డాక్టరు పక్కన లేకుండా సొంతంగా గది తెరుచుకుని పళ్ళు క్లీన్ చేస్తారట. చదివి నాకూ ఆశ పుట్టింది, ఎందుకు పుట్టదు? కానీ వాళ్ళకూ హద్దు ఉంది. ఇక్కడ మాత్రం డాక్టరు ఉండాల్సిందే. స్కూటరు లైసెన్సుతో ఇక్కడ లారీ ఎక్కితే స్కూటరూ పోతుంది.

ఇది చిన్న పని అని మీరు అనుకుంటున్నారని నాకు తెలుసు. మొన్న శుక్రవారం తబ్రేజ్‌ను చూడ్డానికి, పనివాళ్ళంతా కలిసి ఉండే వాళ్ళ క్యాంపుకు వెళ్ళాను. అక్కడ కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన వెంకట్రాములు అనే ఆయన నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎందుకన్నా అంటే, "పండ్లు ఊగుతున్నయ్ బిడ్డా. నెత్తురొస్తది. పదేండ్ల సంది ఎవ్వలకు జూపియ్యలే" అన్నాడు. ఆయన చిగుళ్ళ నిండా గార. ఆ గది నిండా అలాంటి నోళ్ళే మామూ! నాకు అక్కడికక్కడే పనిముట్ల పెట్టె తెరవాలనిపించింది. లైసెన్సు రాగానే డాక్టరుతో కలిసి ఆ క్యాంపులకు తిరగాలి. అదే నా కోరిక. రోజూ పడుకునేముందు నేను ఎన్ని క్యాంపులు తిరగొచ్చో లెక్కేసుకుంటూ నిద్రపోతున్నాను.

ఇంతకీ ఫారంలో ఏం రాశారు? నాకు పొంగిపోవాలని లేదు, ఇప్పుడే తెలుసుకోవాలని ఉంది. వెంటనే రాయండి.

ఇక్కడ అందరి పళ్ళవైపే చూస్తూ నడుస్తున్న
సనోబర్


రాయచోటి
8 మార్చి 2023

బేటీకి మామూ దువాలు.

బోర్డు ఆపించాను. పెయింటరు అలిగాడు. సగం బోర్డును మీ మామీ కోళ్ళ గూటికి తలుపుగా పెట్టింది. ఇప్పుడు మా కోళ్ళు "డాక్టర్ సనో" వెనకాల పడుకుంటున్నాయి.

ఇంతగా అడుగుతున్నావు కాబట్టి ఫారంలో రాసింది చెప్పేస్తాను.

"చేసిన పనులు" అన్నచోట ముందు గార తీయడం రాశాను. చాలా ఖాళీ మిగిలింది. ఖాళీ వదిలితే పనితనం లేదనుకుంటారు. అందుకని పళ్ళు పీకడం, సిమెంటు, రూట్ కెనాల్, కుట్లు, కట్టుడు పళ్ళు అన్నీ రాశాను. పీకిన పళ్ళు మూడువందల పదిహేడు అని లెక్క కూడా ఇచ్చాను. మూడువందలంటే అబద్ధంలా ఉంటుంది, పదిహేడు కలిపితే నమ్ముతారు.

"ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు" అన్నచోట, ఈమెకు పర్యవేక్షణ అక్కర్లేదు, డాక్టరుగారే ఈమెను అడిగి చేసేవారు అని రాశాను.

చివరలో ఒక ప్రశ్న ఉంది. "తన పని హద్దు దాటి ఎప్పుడైనా వైద్యం చేశారా?" దానికి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి బేటీ. అవును, ప్రతిరోజూ దాటింది, హద్దు అనే మాటే ఈమెకు తెలియదు అని రాశాను.

నీకు ఈ పద్ధతి తెలియదు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు పిల్లకు వంట వచ్చా అంటే, ఏదో కొంచెం వచ్చు అంటామా? బిర్యానీ నుంచి మొదలుపెడతాం. మా చిన్న చెల్లెలు, అదే నీ ఖాలా, దానికి గుడ్డు ఉడకబెట్టడం రాదు. నేను నలుగురి ముందు పొగిడిన పొగడ్తకు పెళ్ళి అయింది, ఇప్పుడు నలుగురు పిల్లలు. మనవాళ్ళను మనం పొగడకపోతే ఎవరు పొగుడుతారు?

నీ గెలుపు కోసం ఎదురుచూసే
పీరా మామూ


సత్వా, దుబాయ్
17 మార్చి 2023

మామూ!

సలాములు తర్వాత. మీరు నన్ను ముంచేశారు.

మొన్న లైసెన్సు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. నా దరఖాస్తు ఆపేశారు. అర్హత లేని వైద్యం చేసినట్టు మీ పాత యజమానే రాశారు, దీనికి ముప్పై రోజుల్లో వివరణ ఇవ్వండి, లేకపోతే తిరస్కరిస్తాం అన్నారు. నాకేమీ అర్థం కాక రెండు రోజులు పిచ్చిదానిలా తిరిగాను. ఎవరో గిట్టనివాళ్ళు రాశారనుకున్నాను. ఇవాళ మీ ఉత్తరం వచ్చింది. గిట్టనివాళ్ళు కూడా ఇంత బాగా రాయలేరు మామూ. మూడువందల పదిహేడా!

మీరు పొగడ్త అనుకున్నది ఇక్కడ నేరం. లైసెన్సు లేని చేత్తో పన్ను పీకానని మీరు సంతకం పెట్టించి పంపారు. ఎన్ని ఎక్కువ పీకానంటే అంత పెద్ద నేరం. మీరు నింపిన ప్రతి ఖాళీ నా మీద ఒక్కో కేసు.

ఉండబట్టలేక మామీకి ఫోన్ చేశాను. ఏడుస్తూ అంతా చెప్పాను. మామీ అంతా విని, "ఏడవొద్దు బేటీ. ఆ పొగడ్త చాల్లేదంటాండారు, అంతే గదా? ఈతూరి మీ మామూతో ఇంకా గట్టిగా రాయిస్తాలే" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు, వీధికి ఆ వార్త చెప్పడానికి వెళ్ళి ఉంటుంది. మామూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. గట్టిగా వద్దు. నిజం రాయండి. నేను ఏం చేశానో, ఏం చేయలేదో, ఉన్నది ఉన్నట్టు రాసి, డాక్టరుగారు చదివి సంతకం పెట్టి, ఆ ఆఫీసుకు పంపండి. అడ్రసు ఈ కాగితం వెనకాల రాశాను.

నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. ఇలా రాయకూడదు కానీ ఉంది కాబట్టి రాస్తున్నాను. నవ్వు కూడా వస్తోంది, దానికి ఇంకా కోపమొస్తోంది. రిసెప్షన్‌లో ఇవాళ ఫోనెత్తి "గుడ్ మార్నింగ్" బదులు "మూడువందల పదిహేడు" అన్నాను.

సనోబర్


రాయచోటి
27 మార్చి 2023

సనోబర్‌కు.

నన్ను అబద్ధాలకోరును చేశావు. సరే. రంజాన్ రోజా ఉన్న నోటితో ఇక అబద్ధం ఆడను. నీకు నిజం కావాలా? నిజమే రాశాను. ఏడాదిన్నరగా కడుపులో దాచుకున్నదంతా రాశాను. ఇది చదివాక వాళ్ళు నీకు లైసెన్సు ఇవ్వరని నాకు తెలుసు. అడిగింది నువ్వు. నా తప్పు లేదు.

ఆఫీసుకు పంపినదాన్ని కింద తెలుగులో రాస్తున్నాను.

"అయ్యా, నా పేరు పీరా, కాంపౌండరును. మొదటి ఫారం నింపింది నేనే. సనోబర్ నా చెల్లెలి కూతురు కాబట్టి పొగిడాను. డాక్టరుగారు చదవకుండా సంతకం చేశారు. ఇప్పుడు నిజం రాస్తున్నాను.

"ఈమె ఒక్క పన్ను కూడా పీకలేదు. డాక్టరుగారు చూసి చీటీ రాయకుండా రెండేళ్ళలో ఒక్కరి నోట్లో చెయ్యి పెట్టలేదు. ఎంత పెద్దమనిషి వచ్చినా పెట్టలేదు. కూర్చోండి, డాక్టరుగారు వస్తారు అనేది. ఈమె వల్ల నలుగురైదుగురు పేషెంట్లు అలిగి ఎదురు దవాఖానాకు పోయారు.

"2021 అక్టోబరులో డాక్టరుగారు తిరుపతిలో పెళ్ళికి వెళ్ళినరోజు నాకు ఎడమవైపు దవడపన్ను నొప్పి లేచింది. చెంప బన్నులా వాచింది. నేనే పోయి కుర్చీలో పడుకుని, పన్ను పీకే పట్టకారు ఈమె చేతిలో పెట్టాను. 'పీకు బేటీ, రోజూ చూస్తాండావు గదా, ఇట్ల పట్టుకుని అట్ల తిప్పితే అయిపాయె' అన్నాను. ఈమె పట్టకారు కడిగి మళ్ళీ డ్రాయరులో పెట్టి, 'ఇది నా పని కాదు మామూ' అంది. బతిమాలాను. తిట్టాను. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులు ఇవి అన్నాను. పేషెంట్ల ముందు ఏడ్చాను. ఈమె కూడా ఏడ్చింది, కానీ డ్రాయరు తెరవలేదు. డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పిన ప్రకారం నన్ను బస్సెక్కించి, పక్కన కూర్చుని కడపకు తీసుకుపోయింది. గువ్వలచెరువులో బస్సు ఆపారు. బస్సంతా దిగి పాలకోవా తిన్నది. నేను చెంప పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. కడపలో డాక్టరు పన్ను పీకి, లోపల చీము ఎక్కువుంది, తెలియనివాళ్ళు చెయ్యి పెట్టి ఉంటే ప్రాణం మీదికొచ్చేది అన్నాడు. అయినా నేను ఈమెతో మూడు నెలలు మాట్లాడలేదు. సొంత మేనమామ ఏడ్చినా కరగని గుండె ఈమెది. ఇదే నిజం."

డాక్టరుగారు బెంగళూరు నుంచి వచ్చారు. ఈసారి ప్రతి అక్షరం చదివారు. చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టి, పేషెంటు కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. నా కష్టం ఆయనకు నవ్వులాటగా ఉంది. సంతకం పెట్టి, అప్పటికప్పుడు కంప్యూటర్లో పంపేశారు. మీ మామీ మాత్రం, "సొంత బిడ్డ మింద ఫిర్యాదు రాస్తావా? నీకు ఇఫ్తారుకు గంజి గూడ లేదు పో" అని గిన్నె లాక్కుంది.

నీ మంచికని చేసి చెడ్డవాడైన
పీరా


సత్వా, దుబాయ్
26 ఏప్రిల్ 2023

నా బంగారు మామూకు, నా వెర్రి మామూకు, ప్రపంచంలోకెల్లా అందమైన ఫిర్యాదు రాసిన మామూకు, ఈద్ ముబారక్, లక్ష ముబారక్!

వచ్చేసింది! లైసెన్సు వచ్చేసింది! లావణ్య మళ్ళీ ఎత్తబోయింది, నేనే వద్దన్నాను, మంచానికి మిగిలినవి మూడు కాళ్ళే.

పండగకు ముందు వారం ఆఫీసుకు రమ్మన్నారు. వెళ్ళాను. ఇక్కడి దేశస్థురాలే ఒక పెద్దావిడ, తనూ పళ్ళ డాక్టరేనట, మీరు రాసింది ముందు పెట్టుకుని కూర్చుంది. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. తల పైకెత్తకుండా, "ఈ పీరా అనే ఆయనా నువ్వూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా?" అని ఇంగ్లీషులో అడిగింది. "నిన్నటిదాకా మాట్లాడుకున్నాం మేడమ్, ఇవాళ సంగతి తెలియదు" అన్నాను. ఆవిడ నవ్వింది. "పీకగలను అని చెప్పుకునేవాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తారు. పీకనందుకు ఇంట్లోవాళ్ళతో తిట్లు తిన్న అమ్మాయిని ఇప్పుడే చూస్తున్నాను" అంది. డాక్టరుగారు కూడా ఒక కాగితం జతచేశారట, అందులో ఒక్కటే వాక్యం: ఇందులో ఉన్నదంతా నిజం, ఆరోజు కడప డాక్టరు చీటీ దీంతో పంపుతున్నాను. ఆవిడ స్టాంపు వేసి, "ఖలాస్, అయిపోయింది, వెళ్ళి పని చేసుకో" అంది.

మామూ, మీకు అర్థమైందా? మీరు నామీద చెప్పిన చాడీయే నా సర్టిఫికెట్టు! పేషెంట్లు అలిగి పోయారన్నది, కరగని గుండె అన్నది, అన్నీ వాళ్ళు నా మంచికే రాసుకున్నారు. మూడువందల పదిహేడు పళ్ళు నన్ను ముంచితే మీ ఒక్క దవడపన్ను ఒడ్డుకు లాగింది.

ఒక మాట రాయాలి. ఆరోజు పట్టకారు నా చేతిలో పెట్టినప్పుడు నేను గుండె రాయి చేసుకోలేదు. భయంతో చచ్చిపోయాను. మీ ప్రాణం మీదికి తెస్తానేమోనని భయం. మీరు మూడు నెలలు మాట్లాడకపోతే ప్రతి పూటా అన్నం సయించలేదు. మీ మీద అరిచి రాసిన ఉత్తరానికి క్షమించండి.

నిన్న మొదటి రోజు. తెల్ల కోటు మీద పేరు కుట్టించుకున్నాను, డాక్టర్ అని లేదు, హైజీనిస్ట్ అని ఉంది, దాన్ని పొద్దున్నుంచి పదిసార్లు తడిమి చూసుకున్నాను. మొదటి పేషెంటు దేవేందర్, నిజామాబాద్ వాడు, కట్టడం పనిలో ఉంటాడు. సగం క్లీనింగ్ అయ్యేసరికి, "అక్కా, గీ ఎనుక పన్ను గూడ పీకరాదు? దవడంత గుంజుతున్నది, మల్ల రానీకి సెలవు దొరకదు" అన్నాడు. నేను లేచి పక్క గదిలోంచి మా డాక్టర్ కల్పనను పిలుచుకొచ్చాను. ఆమె చూసి, పన్ను పీకక్కర్లేదు, బాగుచేయొచ్చు అంది. దేవేందర్ ఎంత సంతోషపడ్డాడో చూడాలి! వచ్చే నెల నుంచి నెలకో శుక్రవారం డాక్టర్ కల్పన, నేను కలిసి క్యాంపులకు పోవడానికి ముదీర్ ఒప్పుకున్నాడు. మా జాబితాలో మొదట రాసింది వెంకట్రాములన్న పేరే.

మామీతో చెప్పండి, మీకు గంజి పోయమని.

నేల మీద కాళ్ళు నిలవని
మీ సనోబర్


రాయచోటి
14 మే 2023

నా తల్లి సనోబర్‌కు మామూ దువాలు.

నీ ఉత్తరం వారం రోజులుగా జేబులోనే ఉంది. ఎవరికీ చదివి వినిపించలేదు. మీ మామీ మాత్రం తన సొంతంగా, సనోబర్ దుబాయ్‌లో అందరికీ పళ్ళు పీకకుండా ఆపే ఆఫీసరయిందని వీధికి చెప్పింది. ఈసారి ఆమె చెప్పింది కొంతవరకు నిజం కాబట్టి ఊరుకున్నాను.

నీకు ఇంతవరకూ చెప్పనిది ఒకటి ఉంది. నలభై ఏళ్ళుగా డాక్టరుగారు ఊళ్ళో లేనప్పుడల్లా ఎవరో ఒకరు చెంప పట్టుకుని వచ్చేవారు. "పీరా భాయ్, నువ్వే దిక్కు" అనేవారు. నేను పీకేవాణ్ణి. ఊగే పన్ను పీకాను, ఊగని పన్నూ పీకాను. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు, ఒకాయనకు మాత్రం మూడు రోజులు నెత్తురు ఆగలేదు, ఆ మూడు రోజులూ నేను రాత్రిళ్ళు కూర్చునే ఉన్నాను. అయినా మళ్ళీ ఎవరైనా దిక్కు అంటే వద్దనలేకపోయేవాణ్ణి. వద్దంటే నన్ను ఉత్త కాంపౌండరు అనుకుంటారేమో అని. ఆరోజు నువ్వు డ్రాయరు మూసినప్పుడు నాకు కోపం వచ్చింది పన్ను నొప్పికి కాదు బేటీ. ఇరవై మూడేళ్ళ పిల్ల అంత తేలిగ్గా అన్న మాటను నేను నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా అనలేకపోయానే అని.

మొన్న ఆదివారం డాక్టరుగారు మనవణ్ణి చూడ్డానికి బెంగళూరు పోయారు. పదకొండింటికి హోటలు అర్షద్ వచ్చాడు. చెంప ఇంత లావు. తిన్నగా పోయి కుర్చీలో పడుకుని నోరు తెరిచాడు. "కానీ పీరా భాయ్, మా నాయనకూ నువ్వే పీకితివి, నాకూ నువ్వే పీకు" అన్నాడు. నా చెయ్యి అలవాటుగా డ్రాయరు మీదికి పోయింది. పోయి అక్కడే ఆగింది. చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో నీకు తెలియదు.

"అది నా పని కాదు అర్షద్" అన్నాను.

వాడు లేచి కూర్చుని నన్ను అనరాని మాటలన్నాడు. ముసలోడివైపోయావు, చేతులు వణుకుతున్నాయని చెప్పు అన్నాడు. గుమ్మంలో నలుగురు చేరారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించాలి కదా? లేదు బేటీ. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది, అది ఆపుకోలేక చస్తుంటే వాడికి ఇంకా కోపమొచ్చింది. దవాఖానాకు తాళం వేసి, వాణ్ణి చెయ్యి పట్టుకుని కడప బస్సెక్కించి, పక్కన నేనూ కూర్చున్నాను. ఘాట్ రోడ్డు ఎక్కి దిగేదాకా వాడు నన్ను తిడుతూనే ఉన్నాడు. నాకు సరిగ్గా వినపడదు కాబట్టి ప్రతి తిట్టూ రెండుసార్లు చెప్పించుకున్నాను.

నీ దగ్గర ఆలస్యంగా చదువుకున్న
పీరా మామూ, కాంపౌండరు